సైకిళ్ళపై అనంతగిరి యాత్ర

కొత్తగూడ యనగానే నేటి హైదరాబాదు వాసులకు అద్దాల మేడలును, కూడలియందు కదలక నిలిచిన వాహనముల బారులును జ్ఞప్తికి వచ్చును. ఆ పేరుతో ఒక అడవి కూడ గలదన్న సంగతి పలువు రెరుగరు. సుమారు 270 ఎకరముల ఆ రక్షితారణ్యములో కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరిట వృక్షోద్యానము నెలకొన్నది. అందలి బండరాళ్ళు దాదాపు 250 కోట్ల యేండ్ల నాటివని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ రాళ్ళ నడుమ ప్రాతఃకాలమున నడచుటకు వచ్చు స్త్రీలము పదిమందిమి కలిసి, కిందటి శీతకాలమున అనంతగిరి కొండలకు సైకిళ్ళతో విహారయాత్ర చేసితిమి. దాని వృత్తాంతము మన సోదరీమణుల కుపయోగపడునని వ్రాయుచున్నాను.

మాలో కొందరు ఉద్యోగినులు, కొందరు గృహిణులు. అందరిలో పెద్దవారు మా పొరుగింటి వదినగారు. వారికి అరువదియేండ్లు సమీపించుచున్నవి. చిన్నది యొక పసిబిడ్డ తల్లి. "రెండు దినములు ఇల్లెట్లు గడచును?" అన్నది మొదట అందరి నోటను వచ్చిన ప్రశ్న. పసిబిడ్డ తల్లికి ఆమె అత్తగారే, "నేను లేనా? పోయి రా" యని సెలవిచ్చిరి. తక్కిన యిండ్లలో పురుషులు వంటయింటి డబ్బాల మీద పేర్లు వ్రాయించుకొని ధైర్యము తెచ్చుకొనిరి.

మూడు మాసములు సాధన చేసితిమి. నగరమును చుట్టిన పెద్దరహదారి ప్రక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాట మాకు మిక్కిలి సాయపడినది. సూర్యరశ్మినుండి విద్యుత్తు పుట్టించు పలకలే ఆ బాటకు కప్పు. కావున ఎండ బాధ తక్కువ. చిన్ననాడు సైకిలు నేర్చి పెండ్లితో మానినవారికి పదిదినములలో పూర్వాభ్యాసము మరల వచ్చినది.

కొండలకు తగిన సైకిలు వేరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టామల్పైస్ పర్వతముపై 1970 తరువాతి యేండ్లలో కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళతో దిగుచు ఈ క్రీడను వృద్ధి చేసిరి. ఒక్కమారు దిగునప్పటికే బ్రేకులోని గ్రీజు కాలి పొగయై పోయెడిది. మరల నింపనిదే రెండవ మారు దిగుటకు వీలులేదు. 1976లో మొదలైన వారి పందెమునకు ఆ "మరల నింపుట"యే పేరైనది. నేటి కొండసైకిలునకు వెడల్పైన గరుకు టైర్లు, కుదుపు నోర్చు ముందు కాళ్ళు, గట్టి బ్రేకులు గలవు. చిన్న గేరులో ఎక్కుట యనగా, పెద్దబిందె నొక్కసారి యెత్తక చెంబు చెంబుగా నీరు మోయుట వంటిది. కాళ్ళు ఎక్కువసార్లు తిరుగును. కాని ప్రతిమారు బరువు స్వల్పము.

సైకిళ్ళను బండికెక్కించి తెల్లవారకముందే బయలుదేరితిమి. అనంతగిరి కొత్తగూడకు సుమారు 80 కిలోమీటర్లు. మొయినాబాదు దాటినది మొదలు చేవెళ్ళ దారికి రెండు ప్రక్కల వందలకొలది మఱ్ఱిచెట్లు ఊడలు దించి నిలిచియుండెను. దారిని వెడల్పు చేయుటకు వానిని తొలగింపవచ్చునా యని యేండ్ల తరబడి వాదములు జరిగినవి. చేవెళ్ళ ప్రాంతమున నల్లరేగడి, పత్తిచేలు. వికారాబాదు చేరునప్పటికి నేల యెఱ్ఱబారినది. అచ్చట బండి దిగి సైకిళ్ళెక్కితిమి.

అనంతగిరి మహాపర్వతము కాదు. కాని అలవాటు లేనివారికి దాని మలుపులు చాలు. టేకు, మోదుగ, తునికి చెట్ల నడుమ రెండవ మలుపునొద్ద వదినగారు దిగిపోయి, "మీరు పోండమ్మా, నేను బండిలో వస్తాను" అన్నారు. మాలోని పసిబిడ్డ తల్లి, "మీరు ముందుండండి వదినగారూ, మేము మీ వెనుక వస్తాము" అన్నది. అప్పటినుండి అదియే మా నియమమైనది. అందరికంటె మెల్లగా పోవువారు ముందు. వారి వేగమే అందరి వేగము. దానివలన ఒక గంట యాలస్యమైనది; కాని పదిమందిమి ఒక్కసారిగా పైకి చేరితిమి. వేగముగా పోగలవారికి ఆ గంటలో చెట్లును పక్షులును కనబడినవి.

అనంతపద్మనాభస్వామి దర్శనము చేసికొని సద్దిమూటలు విప్పితిమి. జొన్నరొట్టె, సకినాలు, ఉప్పు కలిపిన మజ్జిగ. మూసీనది ఈ కొండలలోనే పుట్టుచున్నది. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలాదిమందిని బలిగొన్నదియు, అటు తరువాత 1920లో పూర్తియైన గండిపేట చెరువు ద్వారా నగరమునకు త్రాగునీ రిచ్చినదియు ఈ నదియే. కొళాయి త్రిప్పి బిందెలు నింపినవారము, ఆ నీటి పుట్టినిల్లు చూచి కొంతసేపు మాటలాడలేదు.

దిగునపుడు జాగ్రత్త ఎక్కువ కావలెను. పెడళ్ళు రెండును సమముగా నుంచి వానిపై నిలువవలెను. శరీరమును కొంచెము వెనుకకు ఉంచి, రెండు బ్రేకులను మెల్లగా పట్టవలెను. ముందు బ్రేకు నొక్కదానినే గట్టిగా పట్టినచో తలక్రిందులగుదురు. చూపు రాతిమీద గాక పోవలసిన దారిమీద నుండవలెను. శిరస్త్రాణము లేక ఎవ్వరును ఎక్కరాదు.

ఇట్టి యాత్రకు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మంచి కాలము. వేసవిలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. శీతకాలమున సైతము మధ్యాహ్నము నీడపట్టున విశ్రమించుట మేలు. దాహము వేయకముందే నీరు త్రాగవలెను. అడవిలో తిరుగుటకు అటవీశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను. బాట తడిసియున్నప్పుడు చక్రములు చాళ్ళు చేసి నేలను కోయును గనుక అపుడు పోరాదు.

స్త్రీల కిది విలాసమని కొందరందురు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990 తరువాత జరిగిన అక్షరాస్యతోద్యమమున, చదువుతోబాటు సైకిలు తొక్కుట కూడ పల్లెస్త్రీలకు నేర్పిరి. నీరు తెచ్చుటకు, పంట అంగడికి చేర్చుటకు, బిడ్డలను బడికి దింపుటకు వేలాదిమంది స్త్రీలు ఒకరిని అడుగవలసిన పని లేకుండ పోగలిగిరి. మా యాత్ర వారి కష్టమునకు సాటిరాదు. అయినను తన కాళ్ళతో తాను పోగలనన్న నమ్మకము పల్లెలోనైనను, ఇరువదవ అంతస్తులోనైనను ఒక్కటియే.

వదినగారి మోకాళ్ళు నాలుగు దినములు నొచ్చినవి. అయిదవనాడు వారే నా తలుపు తట్టి, వచ్చే నెల ఎచ్చటికి పోవుదమని యడిగిరి.