మూడోసారి అనేవాడు లేని వేలం

ఆన్‌లైన్ వేలంలో ఆఖరి సెకనుదాకా నక్కి ఉండి, గంట కొట్టే ముందు పాట పెట్టి వస్తువు ఎగరేసుకుపోయేవాణ్ణి చాలామంది దొంగను చూసినట్టు చూస్తారు. నాకు అతని మీద కోపం లేదు. నా కోపమంతా గడియారం మీద.

కోల్‌కతా రస్సెల్ వీధిలో 1940 నుంచి నడుస్తున్న రస్సెల్ ఎక్స్ఛేంజ్‌లో ఆదివారం పూట పాత సామాన్ల వేలం చూడండి. బెల్జియం అద్దమో, మూగబోయిన గ్రామఫోనో బల్ల మీదికొస్తుంది. వెనక వరసలో ఎవరో గడ్డం గోక్కున్నట్టు వేలెత్తుతారు. ఒకటోసారి, రెండోసారి... సుత్తి గాల్లో ఆగుతుంది. అప్పటిదాకా పాడినవాడికేసి వేలం వేసేవాడు ఓ చూపు చూస్తాడు, ‘ఏమంటావ్?’ అన్నట్టు. ఆలస్యంగా పాడటం అక్కడా ఉంది. కాకపోతే దానికి జవాబు చెప్పే వ్యవధి కూడా ఉంది.

ఈబేలో అది లేదు. అక్కడ వేలం చెప్పిన టైముకి ఠక్కున ముగుస్తుంది. ‘నీ గరిష్ఠ ధర ముందే రాసిపెట్టుకో, నీ తరఫున కంప్యూటరే పాడుతుంది’ అంటారు. లెక్కకు సబబే. కానీ మన ధర మనకు ముందే తెలిస్తే వేలమెందుకు? పక్కవాడు పాడితేగా ఆ వస్తువు మీద మన ఆశ ఎంతో బయటపడేది! ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో అచ్చేసిన పరిశీలనలో ఈబేలో కంప్యూటర్ల కన్నా పురాతన వస్తువులకే చివరి నిమిషపు పాటలు ఎక్కువని తేలింది. సరుకు విలువ ఎరిగినవాడు ముందే నోరు తెరిస్తే తక్కినవాళ్లకూ ఆ గుట్టు తెలిసిపోతుంది మరి. అతని మౌనం కష్టపడి సంపాదించిన విద్యకు కాపలా. అందుకే అతన్ని తిట్టలేను. కానీ జవాబు పాటకు వ్యవధి లేక నష్టపోయేది అమ్మేవాడు.

మందు కూడా కోల్‌కతాలోనే ఉంది. సుప్రీంకోర్టు 2014లో 204 బొగ్గు గనుల కేటాయింపులు రద్దు చేశాక, మరుసటి ఏడు వాటి ఈ-వేలం నడిపింది ఇక్కడ ప్రధాన కార్యాలయమున్న ఎంఎస్‌టీసీ. ఒకప్పటి ఇనుప తుక్కు వ్యాపారపు సంస్థే! బొగ్గు గనుల వేలం షరతుల్లో, ముగింపుకు ముందు 8 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో 8 నిమిషాలు జరుగుతుందని ఉంటుంది. పంతం పట్టినవాళ్లు ఇద్దరు దొరికితే తెల్లవార్లూ కూర్చోవాల్సిందే, నిజమే. గని అమ్మే సర్కారుకు పనికొచ్చిన ఆ 8 నిమిషాలు, తాతగారి గోడగడియారం అమ్ముకునేవాడికి ఎందుకు దక్కకూడదో నాకు బోధపడదు.