కాటుక ఫోటో

మా అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు ఆదివారాలు హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక కుక్కల షెల్టర్‌కి వెళ్లేది. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతూ, "అమ్మా, నా బదులు నువ్వెళ్లవే. ఫోటోలు బాగా తీస్తావు కదా" అంది. నా ఫోటోలంటే ముగ్గులు, ఆవకాయ జాడీలు, వినాయకుడి పాలవెల్లి. "కుక్కలంటే భయమే నాకు" అన్నాను. "దూరం నుంచి తియ్యి" అంది.

దూరం నుంచి తీస్తే రావని మొదటిరోజే తెలిసింది. నిలబడి, ఊచల బయట నుంచి నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అందరూ ఖైదీలే. తడి సిమెంటు నేల, దిగులు కళ్లు. వీటిని చూసి ఎవరు తీసుకెళ్తారండీ!

తర్వాతి వారం పూజగదిలో పీట పట్టుకెళ్లాను. నా మోకాళ్ల సంగతి మీకు తెలిసిందేగా. కుక్క కంటి ఎత్తులో కూర్చోవాలి. అదీ ఎదురుగా కాదు, కాస్త పక్కకి తిరిగి. తేరిపార చూస్తే వాటికి బెదురు. మొదటి పది నిమిషాలు ఫోను బయటికే తియ్యకూడదు. అది వచ్చి చెయ్యి వాసన చూసి "సరే, ఈవిడ పరవాలేదు" అనుకున్నాక, బిస్కెట్ కవరు గలగలలాడిస్తే చెవులు నిక్కబొడుచుకుని ఇటు చూస్తుంది. ఆ ఒక్క క్షణమే మనది. మూడోసారికి కవరు ఖాళీ అని దానికీ తెలిసిపోతుంది.

అలా తీసిన ఫోటోలతో బూడిదరంగుది, మచ్చలది, ముసలిది కూడా ఇళ్లకి వెళ్లాయి. కాటుక మాత్రం వెళ్లలేదు.

కాటుక నల్లది. మామూలు నలుపు కాదు, పేరుకి తగ్గ నలుపు. ఏదో బండి గుద్ది వెనక కాలు కుంటు. చెవి చివర చిన్న గాటు. అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు పెట్టే గుర్తు, వచ్చినవాళ్లు మాత్రం కొట్లాటలో తెగిందనుకునేవారు. అందరూ దాన్ని దాటుకుంటూ వెళ్లి తెల్ల కూనల దగ్గర ఆగేవారు. ఒకావిడైతే "శనివారం పూట నల్లదాన్ని ఇంటికా!" అంది. కాలభైరవుడి వాహనం ఏమిటమ్మా అని అడుగుదామనుకుని ఊరుకున్నా. రెండేళ్లుగా అది అక్కడే ఉంది.

దాని ఫోటో ఎన్నిసార్లు తీసినా బొగ్గుముద్దే. వెనక తెల్ల గోడ ఉంటే ఫోను ఆ తెలుపుకి తగ్గట్టు వెలుతురు తగ్గించేసి, కుక్కని చీకటి చేస్తుందట. గోడ వదిలేసి, పొద్దున్నే రేకుల చూరు నీడలో, ముఖం ఆకాశంవైపు ఉండేలా కూర్చోబెట్టాను. తెరమీద దాని ముఖం దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరిపాను. మెడలో మా అమ్మాయి పసుపు వోణీ. అప్పుడు కనిపించాయండీ కళ్లు, తేనెరంగువి, ఒక్కో కంట్లో చుక్కంత ఆకాశం.

అక్కడ పనిచేసే కుర్రాడు చూసి, "సూపర్ ఆంటీ! ఇంకాస్త తెల్లగా చేద్దామా? కాలు కనపడకుండా కట్ చేసేస్తా" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

నాకు మాత్రం 1993 గుర్తొచ్చింది. తెనాలిలో పెళ్లిచూపుల ఫోటో కోసం మా నాన్న నన్ను స్టూడియోకి తీసుకెళ్లారు. రెండు పూతల పౌడరు, ముఖం మీద రెండు లైట్లు. వచ్చిన ఫోటోలో నేను లేను, ఎవరో తెల్లమ్మాయి ఉంది. అది చూసి వచ్చినావిడ బూరెలు తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఫోటోలో ఉన్నట్టు లేదే" అంది. మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ మాట విన్న చోటు, నేను నిలబడ్డ గుమ్మం, నా చేతిలో నీళ్ల చెంబు, అన్నీ ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. మా ఆయన వాళ్లకి వెళ్లింది మా పిన్నికూతురి పెళ్లిలో ఎండకి కళ్లు చికిలించుకున్న ఫోటో.

"వద్దు నాన్నా, అలాగే ఉండనీ" అన్నాను. ఫోటోతోపాటు అది నడిచే చిన్న వీడియో కూడా పెట్టించాను. కింద నేనే రాశాను: వెనక కాలు కుంటుతుంది. మెట్లు నిదానంగా ఎక్కుతుంది. టపాసులంటే భయం. పిల్లలంటే ప్రాణం.

మూడు వారాలు ఒక్క ఫోనూ లేదు. తెలుపు చేసుంటే వచ్చేవారేమో అని ఒక రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

నాలుగో వారం హనుమకొండ నుంచి ఒక రిటైర్డు టీచరుగారు ఫోను చేశారు. "కాలు నొప్పి పెడుతుందామ్మా దానికి?" అని మొదటి ప్రశ్న. లేదండి, నడక అంతే అన్నాను. "నాకూ మోకాలి ఆపరేషన్ అయిందిలే. కింది పోర్షనే మాది, మెట్లు లేవు" అన్నారు. ఆదివారం కొడుకుతో వచ్చారు. చేతిలో ఫోను పట్టుకుని ఒకసారి దాన్ని, ఒకసారి ఫోటోని చూశారు.

"ఫోటోలో ఉన్నట్టే ఉంది" అన్నారు.

నేను వోణీ ముడి సర్దుతున్నట్టు కిందికి వంగిపోయాను.

నిన్న ఆవిడ ఒక ఫోటో పంపారు. నల్ల సోఫా మీద నల్ల ముద్ద, పసుపు వోణీ తప్ప ఏమీ తెలియడం లేదు. నిలబడి పైనుంచి తీసినట్టున్నారు. మోకాళ్ల ఆవిడకి పీట సంగతి ఎలా చెప్పాలో ఏమిటో.