ఏమీ వెయ్యని గొట్టం

1998 చలికాలం. కోనసీమలో ఓ పల్లె బడి. ఏడో తరగతి పిల్లలకు కొవ్వుల పాఠం మొదలుపెడుతూ, ఇంట్లో తినేది ఏదైనా చిటికెడు పొట్లం కట్టుకు రమ్మన్నాను. మర్నాడు నా బల్ల మీద చిన్న సంతే వెలిసింది. వేరుశనగ గుళ్లు, నువ్వులు, అటుకులు, దోసకాయ చెక్క, పుట్నాలు, పండగ జంతికలు. కొబ్బరి ముక్కలైతే పదకొండు. ఆ ఊళ్లో అంతే మరి.

తెల్లకాగితం మీద పెట్టి నలిపి రుద్దమన్నాను. నూనె ఉంటే కాగితంలోంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. బజ్జీల పొట్లం విప్పిన చేతులకి ఇదేం వింత కాదు. ఎందుకలా అవుతుందంటే మాత్రం నోళ్లు లేవలేదు. కాగితం నారల మధ్య గాలి ఉంటుంది, వెలుగు అక్కడ చెదిరిపోయి కాగితం తెల్లగా కనబడుతుంది. ఆ సందుల్లోకి నూనె దిగితే వెలుగు చెదరకుండా దాటేస్తుంది. దోసకాయా అలాంటి మరకే పెట్టింది గానీ, ఎండలో పెడితే ఆరిపోయింది. నూనె మరక ఆరదు.

తగువంతా పుట్నాల దగ్గరే. వేరుశనగలో దాదాపు సగం నూనే, పుట్నాల్లో నూటికి అయిదారు పాళ్లు. మరక పడీ పడనట్టుంది. ఉందని సగం మంది, లేదని సగం మంది.

అక్కడితో ఆపితే పోయేది. బి.ఇడి.లో చూసిన పరీక్ష గుర్తొచ్చి ఉబలాటపడ్డాను. పదార్థాన్ని నూరి ఆల్కహాల్‌లో గిలకొట్టి, పైన తేరిన దాన్ని నీళ్లలో పోస్తే, కొవ్వు ఉన్నది పాలలా తెల్లబడుతుంది. బడి బీరువాలో ఆల్కహాల్ ఏదీ? మందుల షాపుకి పోయి, సూది వేసే ముందు తుడిచే స్పిరిట్ సీసా తెచ్చాను.

వేరుశనగ తెల్లబడింది. చప్పట్లు. పుట్నాలూ తెల్లబడ్డాయి. ‘ఉంది’ పక్షం వాళ్లు బెంచీలెక్కారు. అటుకులు కూడా తెల్లబడ్డాయి. బోర్డు మీద ‘ఉంది’ అని రాసేశాను. తర్వాత దోసకాయ. అదీ పాలే! సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్ల లేచింది. “మాస్టారండీ, ఏమీ వెయ్యకుండా ఉత్త స్పిరిట్ పోసి చూడండి.”

పోశాను. తెల్లగా, చిక్కగా, మొదటి గొట్టంలో లాగే.

సీసా తిప్పి చూస్తే చీటీ మీద చీమల్లాంటి అక్షరాల్లో కాస్టర్ ఆయిల్ అని ఉంది. చర్మం ఎండిపోకుండా కొన్ని స్పిరిట్లలో ఆముదం కలుపుతారట. వంటనూనెల్లా కాకుండా ఆముదం ఆల్కహాల్‌లో ఇట్టే కరుగుతుంది. నీళ్లు తగిలేసరికి సన్నని తుంపర్లుగా విడిపోయి తెల్లబడుతుంది. పరీక్ష అబద్ధం చెప్పలేదు, కొవ్వు ఉన్నమాట నిజమే. అటుకుల్లో కాదు, నా సీసాలో. ఏమీ వెయ్యని ఆ గొట్టాన్నే ‘కంట్రోల్’ అంటారు. ఆ మాటని మార్కుల కోసం బట్టీ పట్టినవాణ్ణి నేను.

“నీకెలా తోచిందే?” అన్నాను గంట కొట్టాక.

“మా నాన్న కొట్లో నూనె తూచే ముందు ఖాళీ సీసా తూస్తాడండీ,” అంది, ఇదీ అడగాలా అన్నట్టు. పొట్లంలో మిగిలిన పుట్నాలు నోట్లో వేసుకుని బయటికి పరిగెత్తింది.