జరీలో జ

వరంగల్‌లో నవజీవన్ ఎక్కినప్పుడు నా సంచిలో రెండే బరువులు: అత్తమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా, ఆఫీసు ల్యాప్‌టాప్. సకినాలు బావకు, ల్యాప్‌టాప్ బావ బాధకు. సూరత్‌లో ఆయన చీరల దుకాణం ఆన్‌లైన్‌కెక్కి ఏడాదైంది. ప్రకటనలకు డబ్బు పోతోంది, తెలుగు గిరాకీ మాత్రం రావడం లేదు. "నువ్వు ఆ గూగుల్ పనే చేస్తవంట గద బామ్మర్దీ, ఒక్కసారి వచ్చి చూడరాదు" అన్నాడు ఫోన్‌లో.

వార్ధా, భుసావల్, నందుర్బార్. ఉధనా దగ్గర బండి నెమ్మదించేసరికే బోగీలో సగం మంది తెలుగులో సామాన్లు సర్దుకుంటున్నారు. సూరత్‌లోని లింబాయత్ పేటకు చేరినా వరంగల్‌లోనే ఉన్నట్టుంటుంది. మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డారు. ఈ ఊరి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. బావ అక్కడే చదివాడు. ఆయన కూతురు మాత్రం ఇంగ్లిష్ మీడియం.

రాత్రి అన్నాలయ్యాక బావ ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. ప్రకటనల పని చూసే కుర్రాడెవరో ఇచ్చిన లెక్క. ఏ మాటను నెలకు ఎంతమంది వెతుకుతున్నారో వరసగా రాసి, కింద మొత్తం వేశాడు. ఇంగ్లిష్‌లో చీరకు ఏకవచనం ఒక వరస, బహువచనం ఇంకో వరస. రెండింటి ఎదురుగా ఒకటే అంకె. అంకె ఒకటే వచ్చిందంటే, గూగుల్ కీవర్డ్ ప్లానర్ అనే పనిముట్టు ఆ రెండు మాటల్నీ ఒక కుప్పలో పోసి, కుప్ప మొత్తాన్ని రెండుచోట్లా చూపిస్తోందన్నమాట. కుర్రాడు వాటిని కూడేశాడు. ఒకే కుండలోని నీళ్లను రెండుసార్లు కొలిచి రెండు కుండలన్నట్టు.

తెలుగు మాటల ఎదురుగా మాత్రం చిన్న గీతలే ఉన్నాయి. "మనోళ్లు చీరలు కొనరా?" అన్నాడు బావ, కొంచెం నొచ్చుకున్నట్టే.

ఏ మాటలు కలిసి లెక్కకొస్తాయో, ఏవి విడిగా వస్తాయో అన్న చిక్కు నా ఉద్యోగంలో రోజూ తగిలేదే, యూరప్ భాషల్లో. ఫ్రెంచి 'కెఫే' చివరి అక్షరం నెత్తిన ఏటవాలుగా ఒక గీత ఉంటుంది. వెతికేవాళ్లు చాలామంది ఆ గీత కొట్టరు. గూగుల్ యాడ్స్ సహాయం పేజీ ప్రకారం గీత ఉన్న కెఫే, లేని కెఫే రెండు వేరు కీవర్డ్‌లు. అదే గూగుల్ ప్రకటన చూపించే వేళకు మాత్రం గీత తేడాను దగ్గరి రూపంగా లెక్కగట్టి, ఒకదాని బదులు ఇంకోదాన్ని ఒప్పుకుంటుంది. గూగుల్ ట్రెండ్స్ దారి వేరు. ఎవరి స్పెల్లింగ్ వారిదే, కలపదు, పైగా అంకెల బదులు 0 నుంచి 100 వరకు పోలిక మాత్రమే చూపిస్తుంది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు చేయని ఖాతాకైతే కీవర్డ్ ప్లానర్ అసలు అంకె చెప్పదు, 100 నుంచి 1,000 అన్నట్టు అంచనా చెప్పి ఊరుకుంటుంది.

పొద్దున బావ బండి మీద ఒక జరీ కార్ఖానాకు తీసుకెళ్లాడు. సన్నని లోహపు తీగను అచ్చుల్లోంచి లాగి ఇంకా సన్నం చేసి, రెండు రోలర్ల మధ్య నలిపి రిబ్బనులా చేస్తారు. అది బాదలా. దాన్ని దారం మీద చుడితే కసబ్. అసలు జరీ అయితే పట్టుదారం మీద వెండి తీగ, పైన బంగారు పూత. కంచి పట్టుకూ ధర్మవరం పట్టుకూ మెరుపు ఎక్కువగా వెళ్లేది ఈ ఊరినుంచే. కండెను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే, చుట్టు చుట్టుకీ మధ్య దారం వెంట్రుకంతైనా కనిపించలేదు.

గుమాస్తా ధర చెబుతూ 'జరి' అన్నాడు, మన జింకలో జలాగా. బావ బేరమాడుతూ 'జరీ' అన్నాడు, మన జడలో జలాగా. ఇద్దరూ అలా చెరో 'జ'తో కాసేపు బేరమాడారు. నాకు విషయం తట్టింది అక్కడే.

తెలుగుకూ ఆ కెఫే గీతలాంటి గుర్తు ఉంది. చలిలో చ వేరు, చీరలో చ వేరు. చలిలో చ, జడలో జ లాంటి దంత్యాలకు నెత్తిన చిన్న గుర్తు పెట్టి ౘ, ౙ అని అచ్చువేసేవారు పాత నిఘంటువుల్లో. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తీస్తే కనిపిస్తాయి. 2008లో యూనికోడ్ కూడా వాటికి చోటిచ్చింది. కానీ ఫోన్‌లో ఆ అక్షరం కొట్టినవాణ్ని నేనింతవరకు చూడలేదు. నోట్లో ఉంది, వేళ్లలో లేదు.

మధ్యాహ్నం దుకాణంలో మేనకోడల్ని కూర్చోబెట్టుకుని, జరీ చీరని నువ్వెలా వెతుకుతావే అన్నాను. జే ఏ ఆర్ ఐ అని కొట్టింది. వాళ్లమ్మ జెడ్ ఏ ఆర్ ఐ అంది. తెలుగులో కొట్టమంటే ఒకరు జరి, ఒకరు జరీ. నాలుగు మాటలయ్యాయి ఒక్క గదిలో. 'సూరత్‌లో' అన్న మాట ఇంకా వింత: త్‌కీ లోకీ మధ్య రెంటినీ అతుక్కోనివ్వని, కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. మనకు ఒకేలా చదువుకోదగ్గ మాట, అక్షరం అక్షరం పోల్చే యంత్రానికి రెండు మాటలు. ఇక ఊరి పేరు: గుజరాతీ రాతలో సురత్, హిందీ రాతలో సూరత్. హిందీలో ఆ మాటకు ముఖమనీ అర్థం. ఇండోనేషియాలో సురత్ అంటే ఉత్తరం. దేశం ఎంచుకోకుండా వెతికితే, పాపం అక్కడి ఉత్తరాలన్నీ బావ చీరల లెక్కలో కలుస్తాయి.

సాయంత్రం గోపీపురా వెళ్లి నర్మద్ ఇల్లు చూశాను. 1873లో 25 వేలకు పైగా మాటలతో గుజరాతీకి నర్మకోశ్ అనే నిఘంటువు కూర్చిన కవి ఆయన. గుజరాతీలో హ్రస్వ దీర్ఘ ఇ, ఉ మాట్లాడేటప్పుడు పెద్దగా తేడా పలకవు, రాసేటప్పుడు మాత్రం పాటించాలి. ఈ గొడవ తేల్చడానికే 1929లో గాంధీ పూనికతో గుజరాత్ విద్యాపీఠ్ వారి స్పెల్లింగ్ నిఘంటువు జోడణీకోశ్ వచ్చింది. 1999లో ఊంఝాలో సమావేశమైనవాళ్లు ఒకే ఇ, ఒకే ఉ చాలన్నారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. దుకాణాల బోర్డులు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నవే.

రాత్రి పాత కాగితం పక్కన పెట్టి, బావ ఫోన్‌లో గిరాకీలు రాసిన సందేశాలన్నీ తిరగేశాం. వాళ్లు ఎలా రాస్తే అలా, తప్పులతో సహా, ఒక్కో రూపానికి ఒక్కో వరస. కూడిక మాత్రం వేయలేదు. పదకొండింటికి వరసలు డెబ్బై దాటాయి. అప్పుడే ఫోన్ మోగింది, జగిత్యాల నుంచి ఒకామె వాయిస్ మెసేజ్: "అన్నా, గా ఎర్ర చీర జరీ నల్లవడది గద?"

జడలో జ. బావ నాకేసి చూసి నవ్వి, మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాడు. "నల్లవడదమ్మా..."