ప్రాణచిలుక

మన జానపద కథలలో మాంత్రికుడిని కత్తితో నరికినా చావడు. వాడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల ఆవల ఒక చిలుకలో ఉంటుంది. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు అంతటివాడు కూడ ఆ చిలుకతోనే కూలిపోయాడు. సర్వర్ల సమూహాలను కూర్చే వృత్తిలో ఉన్న మా అమ్మాయి నోట ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అన్న మాట విన్నప్పుడు నాకు తోచిన తెలుగు ‘ప్రాణచిలుక’. ‘ఏకవైఫల్యస్థానం’ అని సమాసం కట్టవచ్చును గాని నోటికెక్కదు. మిత్రులెవరైనా ఇంతకన్న మంచి మాట సూచిస్తే సంతోషిస్తాను.

ఒకటికి రెండు యంత్రాలు పెడితే సరిపోదా అని అడిగాను. అమ్మాయి లెక్క చెప్పింది. నూటికి 99 పాళ్ళు పనిచేసే సర్వరు ఏడాదిలో సుమారు 88 గంటలు మూలపడుతుంది. అటువంటివి రెండుంటే, రెండూ ఒకేసారి మూలపడే కాలం ఏడాదికి 53 నిమిషాలే. అయితే ఈ గుణకారానికొక నియమం ఉంది. ఒకదాని చావుకు రెండవదానితో సంబంధం ఉండరాదు. రెండింటికీ ఒకే తీగ నుండి కరెంటు వస్తున్నా, వచ్చిన పనిని వాటికి పంచే లోడ్ బ్యాలెన్సరు ఒక్కటే ఉన్నా చిలుక పోయినట్లు కాదు, పంజరం మారినట్లు.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్‌లో ఓవీహెచ్ సంస్థవారి డేటా కేంద్రమొకటి అగ్నికి ఆహుతి అయింది. కొందరి నకళ్ళు కూడ ఆ ప్రాంగణంలోనే ఉండడంచేత మూలంతోపాటే పోయాయి. అదే ఏడు అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. అక్కడ ఏదీ కాలలేదు, కేంద్రాలకూ కొదవ లేదు. ఆ కేంద్రాలను కలిపే వెన్నెముక వంటి నెట్‌వర్కు, మరమ్మతు వేళ ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో తెగిపోయింది. బాగుచేయవలసిన ఉపకరణాలు కూడ ఆ నెట్‌వర్కునే నమ్ముకుని ఉన్నాయి!

ఇంకొక చిక్కు. రెండు సర్వర్ల నడుమ సంబంధం తెగితే, ఎదుటిది పోయిందనుకుని ప్రతిదీ తానే ప్రధానమని లెక్కలు రాసుకుంటూ పోతుంది. మళ్ళీ కలిసిననాడు ఆ రెండు ఖాతాలూ పొసగవు. అందుకని మూడు పెట్టి, రెండు ఏకీభవిస్తేనే నిర్ణయమంటారు. రెండు పోయినా నిలవాలంటే ఐదు కావాలి. ఇద్దరు పండితులు వాదానికి దిగితే మధ్యవర్తి ఎంత అవసరమో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

అంతా విని, “అర్ధరాత్రి ఏదైనా చెడితే ఫోను ఎవరికమ్మా?” అన్నాను.

“నాకే నాన్నా,” అన్నది.

నా ఉద్యోగంలో తొలి ఆరేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలో గడిచాయి. నాకు జ్వరం వస్తే బడికి తాళం. నేను లేకుంటే బడి లేదన్న మాట వినడానికి గొప్పగానే ఉండేది, పిల్లలకు మాత్రం ఆనాటి చదువు పోయేది. వాళ్ళమ్మ కంటి ఆపరేషను నాడు ఆసుపత్రి వరండాలో ఈ పిల్ల ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. యంత్రాలు మూడు, కరెంటు తీగలు రెండు, కేంద్రాలు రెండు ఊళ్ళలో. వాటి మర్మం తెలిసిన మనిషి మాత్రం ఒక్కతే. చిలుక ఎక్కడున్నదో వేరే వెతకనక్కరలేదన్నాను.

అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత రెండు నెలలపాటు తనకు తెలిసినదంతా వరుసగా రాసిపెట్టి, ఇద్దరు కుర్రవాళ్ళకు నేర్పింది. ఒక శనివారం, ముందే అందరికీ చెప్పి, ఒక సర్వరును కావాలనే ఆపించి, బాగుచేసే పని వాళ్ళకే వదిలింది. తాను చేస్తే పది నిమిషాల పనట. వాళ్ళకు నలభై పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె ఫోను నా లాల్చీ జేబులోనే ఉంచుకున్నాను. మూడుసార్లు అడిగింది, ఇవ్వలేదు.