ఇంజను తాగిన నీరు

మా తమ్ముడు శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూరు వచ్చి, సాక్చీ బజారులో కూరగాయల వ్యాపారం పెట్టిన రెండవ ఏట ఒక పాత పికప్పు బండి కొన్నాడు. దానిని నడపడానికి సువర్ణరేఖ ఒడ్డు పల్లె నుంచి ఒక కుర్రవాడు కుదిరినాడు. తమ్మునికి హిందీ రాదు, కుర్రవానికి తెలుగు రాదు. నడుమ దుబాసీని నేను. ఏళ్ల తరబడి హిందీ పుస్తకాలను తెలుగులోకి తెచ్చినవానికి ఇది ఏపాటి పని అనుకొన్నాను.

ఆ చలికాలం రేడియేటరులో నీరు తరగడం మొదలైనది. మూడు నాలుగు రోజులకు అర లీటరు పోయేది. ఎక్కడికి పోయేదో జాడ లేదు. రాత్రి బండి కింద అట్టలు పరచినాము. తెల్లవారి చూస్తే పొడిగా ఉన్నవి. రబ్బరు గొట్టాలు, బిగింపులు, నీటి పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం, అన్నీ తడిమి చూచినాము. నీరు కలిస్తే ఇంజను నూనె మీగడ వలె తెల్లబారుతుంది. మా నూనె నల్లగానే ఉన్నది. చివరకు రేడియేటరు మూత మార్చినాము. చూడడానికి అల్పమైనదే గాని, లోపలి ఒత్తిడిని నిలిపి, నూరు డిగ్రీలు దాటినా నీరు మరగకుండా కాచేది ఆ మూతే. అయినా నీరు తరుగుతూనే ఉన్నది.

ఇక మిగిలినవాడు కుర్రవాడు.

"కూలెంటు డబ్బాలు అమ్ముకొంటున్నాడేమో, అడుగు అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. అడిగినాను. నా హిందీ శుద్ధమైనది, సూటియైనది. అందులో ‘శాయద్’ అన్న మాట లేదు. తమ్ముని ‘ఏమో’ నా నోటిలో ఎక్కడ జారిపోయినదో అప్పుడు నాకు తెలియలేదు. కుర్రవాడు మారు పలకలేదు. మకర సంక్రాంతికి వాళ్ల పల్లెల్లో టుసు పండుగ. డబ్బాల ఖరీదు జీతంలో పట్టుకొని, పండుగకు ముందే వానిని పంపివేసినాము.

కొత్త డ్రైవరు వచ్చినాడు. నీరు తరుగుతూనే ఉన్నది.

1945లో టెల్కో స్థాపితమై, 1954 నుంచి డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారుచేసిన ఊరిది. మా బండి ఇక్కడ పుట్టినది కాకపోయినా, ఇంజను విప్పగల చేతులకు ఇక్కడ కొరత లేదు. మాంగోలోని ఒక ముసలి మేస్త్రీ పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి చూచి, "గాడీ పానీ ఖా రహీ హై" అన్నాడు. ఆయన బండి నీరు తింటున్నది. తెలుగులో అయితే తాగవలసి ఉంటుంది. చేతిపంపుతో రేడియేటరులోకి ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదలినాడు. తెల్లవారేసరికి ముల్లు దిగిపోయినది. నేల మీద మాత్రం చుక్క లేదు. హీటరు ప్లగ్గులు నాలుగూ ఊడదీసి ఇంజనును తిప్పించగా, మూడవ రంధ్రం నుంచి నీటి తుంపర చిమ్మినది.

సిలిండరు చుట్టూ నీరు తిరుగుతుంది. పైన హెడ్డు, నడుమ గాస్కెట్టు. ఆ గాస్కెట్టు వెంట్రుక వాసి కాలినా నీరు సిలిండరులోకి ఊరి, నిప్పులో ఆవిరియై పొగగొట్టం దారిన పోతుంది. జనవరి ఉదయాన ప్రతి బండి తోకా తెల్లని ఆవిరే కక్కుతుంది గనుక మాది ఎవరికీ కనబడలేదు. హెడ్డు ఎత్తగా మూడు పిస్టనులు మసితో నల్లగా ఉన్నవి. మూడవ సిలిండరుది మాత్రం ఆవిరికి కడిగినట్లు మెరుస్తున్నది.

హెడ్డు అడుగు చదును చేయించి, కొత్త గాస్కెట్టు వేయించినాము. బస్సెక్కి ఆ పల్లెకు నేనే పోయినాను. దారి పొడుగునా హిందీ వాక్యాలు కూర్చుకొన్నాను గాని, వాని ఎదుట ఒక్కటీ రాలేదు. "ఆ రోజు నేను అడిగిన తీరు..." అని మొదలుపెట్టినాను.

"మీరు అడగలేదు బాబూజీ, చెప్పినారు" అన్నాడు వాడు.

పట్టుకొన్న డబ్బు చేతిలో పెట్టినాను, లెక్కపెట్టి తీసుకొన్నాడు. వారం తరువాత పనిలోకి వచ్చినాడు. ఇప్పుడు నీరు తరగడం లేదు. అయినా ప్రతి ఉదయం, ఇంజను చల్లగా ఉండగానే మూత విప్పి, చూడమని మా తమ్ముణ్ణి పిలుస్తాడు.