ఉదరంలోని అజ్ఞాతవాసులు

నీటిశుద్ధి విభాగంలో పనిచేసే మా బోటివారికి సూక్ష్మజీవి అంటే క్లోరిన్‌తో హతమార్చవలసిన పదార్థం, అంతే. టౌన్‌షిప్‌లో చివరి కుళాయి దగ్గర కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేటట్లు చూడటం మా నిత్యకృత్యం. అటువంటి మేము బ్యాక్టీరియాను భక్షించే వైరస్‌లను గురించి, అందునా మన పేగులలో కాపురముండే వాటిని గురించి వ్రాయబూనడానికి కారణం ఒక కాగితం. రెండేళ్ళ క్రితం మా అమ్మగారు మూత్రకోశ వ్యాధితో ఆసుపత్రిలో ఉండగా వచ్చిన కల్చర్ రిపోర్టు అది. అందులో 14 మందుల పేర్లున్నాయి; 12 పేర్ల ఎదుట ‘రెసిస్టెంట్’ అని ఉంది. అంటే ఆ క్రిమి వాటికి లొంగదన్నమాట. మిగిలిన రెండింటిలో ఒకటి పనిచేసి ఆవిడ ఇల్లు చేరారు. “ఆ రెండూ కూడా లేకపోతే ఏం చేసేవారు?” అని మేమడిగితే, “ఫేజ్‌ల మీద పరిశోధనలు జరుగుతున్నాయండీ” అన్నారు అక్కడి యువవైద్యులు. ఆ మాట పట్టుకొని మేము చదువుకున్న సంగతులే ఇవి.

బ్యాక్టీరియోఫేజ్ అనే పేరులోని రెండవ భాగానికి గ్రీకు భాషలో భక్షించడం అని అర్థం. ఆ పేరు పెట్టినవారు ఫెలిక్స్ దెరెల్. 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఆయన రక్తవిరేచనాల రోగుల మలాన్ని, బ్యాక్టీరియా సైతం దూరలేని సన్నని పింగాణీ వడపోతల గుండా వడకట్టారు. అలా వచ్చిన తేటనీటి చుక్కలను, ఆ వ్యాధి క్రిములు పెరిగి మసకబారిన ద్రవంలో కలిపితే, ఆ ద్రవం తేరుకొని నిర్మలమయ్యేది. లోపలి క్రిములన్నీ కరిగిపోయేవి. రోగి కోలుకునే రోజులలోనే ఈ శక్తి అతని మలంలో అధికమవుతున్నట్లు కూడా ఆయన గమనించారు. 1919లో కోళ్ళకు వచ్చే టైఫాయిడు వంటి వ్యాధిలోనూ, కోళ్ళ రెట్టలోనే, ఇటువంటి ఫేజ్ ఆయనకు దొరికింది. 1917కు రెండేళ్ళ ముందే, 1915లో, లండన్‌లో ట్వార్ట్ అనే శాస్త్రజ్ఞుడు బ్యాక్టీరియా ఇలా కరిగిపోవడాన్ని చూశారు గాని ముందుకు సాగలేదు.

గంగాజలం మాట ఎత్తకపోతే పాఠకులు మమ్మల్ని క్షమించరు. 1896లో ఆగ్రాలో హాంకిన్ అనే ఆంగ్లేయుడు గంగా యమునల నీటిలో కలరా క్రిములు నశిస్తున్నాయనీ, ఆ నీటిని కాచితే ఆ గుణం పోతున్నదనీ ప్రకటించారు. అది ఫేజ్‌ల పనేనని తరువాతివారు ఊహించారు. అది ఊహే గాని నిరూపణ కాదు.

ఫేజ్‌లలో ప్రసిద్ధమైన టీ4 చిత్రాన్ని చూస్తే, ఎవరో మా డ్రాయింగు ఆఫీసులో కూర్చొని గీశారా అనిపిస్తుంది. 20 ముఖాల తల, ముడుచుకునే తోక, ఆరు పొడవాటి కాళ్ళు. మొత్తం పొడవు మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు. అది బ్యాక్టీరియా మీద వాలి, తోకను సూదిమందు పిచికారీలా బిగించి, తన జన్యుద్రవ్యాన్ని లోపలికి దింపుతుంది. అరగంట తిరిగేసరికి బ్యాక్టీరియా పగిలి నూరుకు పైగా పిల్ల ఫేజ్‌లు బయటపడతాయి. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నదని 2016 నాటి లెక్క. అందులో అత్యధికం పెద్దపేగులోనే. అక్కడ ఫేజ్‌లు కూడా గ్రాముకు వంద కోట్లకు తక్కువుండవు.

ఇంతటి హంతకులు ఉండగా పేగులలో బ్యాక్టీరియా ఎలా మిగిలింది? ఈ ప్రశ్నకు జవాబే మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించింది. పేగులలోని ఫేజ్‌లలో చాలావాటికి వెంటనే చంపే స్వభావం లేదు. అవి తమ జన్యువులను బ్యాక్టీరియా జన్యువులలో కలిపివేసి, విరాటుని కొలువులో పాండవుల్లా మారువేషంలో ఉండిపోతాయి. బ్యాక్టీరియా రెండుగా చీలినప్పుడల్లా ఇవీ రెండవుతాయి. ఆతిథ్యమిచ్చినవారికి కొన్నిసార్లు ఆయుధాలు కూడా ఇస్తాయి. కలకత్తాలో శంభునాథ్ దే కలరా క్రిమి విడిచే విషాన్ని 1959లో నిరూపించారు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువు క్రిమి సొంతం కాదనీ, ఒక ఫేజ్ తెచ్చిపెట్టినదనీ 1996లో తేలింది. పశువుల పేగులలో, వాటికి ఏ జబ్బూ చేయకుండా ఉండే ఒక రకం ఈ-కోలై మనిషికి రక్తవిరేచనాలు, మూత్రపిండాల వైఫల్యం కలిగించడం కూడా ఒక ఫేజ్ ఇచ్చిన విషం వల్లనే.

2011లో జర్మనీలో ఇటువంటి ఫేజ్ మరో రకం ఈ-కోలైలో చేరి దాదాపు 3,800 మందిని మంచాన పడవేసింది; 50 మందికి పైగా మరణించారు. ఆ క్రిమిని మోసుకువచ్చినవి, ఆరోగ్యానికి మంచివని మనమూ తినే మెంతి మొలకలు!

ఇక్కడొక విషయం మన కుటుంబాలవారికి చెప్పితీరాలి. కొన్ని ఆంటీబయోటిక్‌లు బ్యాక్టీరియా జన్యుద్రవ్యాన్ని దెబ్బతీసినప్పుడు, లోపలి ఫేజ్ ఇల్లు కూలుతున్నదని పసిగట్టి అజ్ఞాతవాసం విడుస్తుంది. అప్పుడే విషం ఇబ్బడిముబ్బడిగా తయారవుతుంది. అందుకే ఈ రకం రక్తవిరేచనాలకు వైద్యులు ఆంటీబయోటిక్ ఇవ్వడానికి వెనుకాడతారు. మనం మాత్రం మందుల దుకాణానికి వెళ్ళి, “విరేచనాలకేమైనా ఇవ్వండి” అని నాలుగు మాత్రలు పొట్లం కట్టించుకొని వస్తున్నాము. మా అమ్మగారి కాగితం మీద ఆ 12 పేర్లు అలా చేరడంలో ఇటువంటి పొట్లాలకూ వాటా ఉందని మా నమ్మకం.

పేగు ఫేజ్‌లలో అధికభాగానికి ఇంకా పేరైనా లేదు. 2014లో, కంప్యూటర్లలో నిల్వ ఉన్న మలపరీక్షల సమాచారాన్ని తిరగవేస్తూండగా 97,000 అక్షరాల జన్యురాశి గల ఒక ఫేజ్ బయటపడింది. సుమారు సగం మంది మనుషులలో ఉన్నదట, అయినా అంతవరకు ఎవరి కంటా పడలేదు! దానిని వెలికితీసిన క్రాస్ అసెంబ్లీ అనే ప్రోగ్రాము పేరిట క్రాస్‌ఫేజ్ అన్నారు. పశువుల పేడలో ఇది అరుదు గనుక, నీటిలో కనిపిస్తే మనుషుల మురుగు కలిసినట్లు గుర్తు. 2017లో అమెరికాలో దీనికి పరీక్షలు రూపొందించారు. మా విభాగానికి అటువంటి కిట్టు ఒకటి తెప్పించాలని మా కోరిక.

ఇక చికిత్స. జార్జియా దేశపు ట్బిలిసీలో 1923లో స్థాపించిన సంస్థలో ఇప్పటికీ ఫేజ్‌లతో వైద్యం చేస్తున్నారు. 2016లో అమెరికాలోని శాన్‌డియెగోలో, ఏ మందుకూ లొంగని క్రిమితో స్పృహ తప్పి ఉన్న టామ్ పాటర్సన్ అనే ఆచార్యుని ఫేజ్‌లు బ్రతికించాయి. అదే ఏడాది వెలువడిన మరో ఫలితం కూడా చెప్పాలి. బంగ్లాదేశ్‌లో విరేచనాలతో ఉన్న 120 మంది పసిపిల్లలపై జరిపిన ప్రయోగంలో, నోటి ద్వారా ఇచ్చిన ఫేజ్‌లు హాని చేయలేదు గాని మేలూ చేయలేదు. ఒక్కొక్క ఫేజ్ ఒక్కొక్క క్రిమినే గుర్తుపడుతుంది. తాళానికి తగిన చెవిని వెతకక తప్పదు. అలా కొత్త ఫేజ్ అవసరమైనప్పుడు పరిశోధకులు సీసా పట్టుకొని తరచుగా వెళ్ళేది మురుగునీటి దగ్గరకే. మా ప్లాంటు ఆవరణలో మేము రోజూ ముక్కు మూసుకొని దాటిపోయే తొట్టెలలోనూ అవి కొల్లలుగా ఉండి ఉంటాయి.